ప్రదర్శన ముద్రణ – పాఠ విచారం: 'గెట్జ్/జిల్బెర్టో 76' ఆధారంగా

ఒకే గాయకుడు ఒకే పాటను రెండుసార్లు పాడినప్పుడు వాటిలో మూలపాఠం ఏది? మౌఖిక సాహిత్య పరిశోధకులకు చిరపరిచితమైన ఈ ప్రశ్నను 2016లో వెలువడిన ఒక జాజ్ రికార్డు మరింత సూటిగా అడుగుతుంది. 1976 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని కీస్టోన్ కార్నర్ క్లబ్బులో బ్రెజిల్ గాయకుడు జోవావ్ జిల్బెర్టో, అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్ కలిసి చేసిన కచేరీల ముద్రణ అది. నలభై ఏళ్ల తరువాత రెజొనెన్స్ రికార్డ్స్ సంస్థ దానిని వెలుగులోకి తెచ్చింది. గెట్జ్ 1991లోనే మరణించాడు.

బోసా నోవా 1950ల చివర రియో డి జనీరోలో సాంబా లయ నుండి రూపొందిన మృదుగాన పద్ధతి. ఈ ఇద్దరూ 1963లో న్యూయార్క్ స్టూడియోలో చేసిన 'గెట్జ్/జిల్బెర్టో' ఆ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసింది. అందులో శాక్సఫోన్ ప్రముఖంగా వినిపిస్తుంది. క్లబ్బు ముద్రణలో మాత్రం జిల్బెర్టో గొంతు, గిటారులదే ప్రాధాన్యం. గిటారు లయ నిలకడగా సాగుతుండగా గొంతు ఒకసారి దానికి ముందే అందుకుంటుంది, మరొకసారి వెనుకబడి వచ్చి కలుస్తుంది. కర్ణాటక సంగీతంలోని అతీత, అనాగత గ్రహాలు ఇక్కడ గుర్తుకు రావడం సహజం. అయితే మన కృతిలో గ్రహం ముందే నిర్ణీతం. ఇతని గానంలో అది ఆ క్షణపు నిర్ణయం.

ఈ రికార్డులో 'ఎ ప్రెసీజు పెర్డువార్' అనే పాట తొలి గీతంగా ఒకసారి, ముగింపులో మరొకసారి వినిపిస్తుంది. సాహిత్యాన్ని కాగితం మీద రాసుకుంటే మిగిలేది ఒకే పాఠం. చెవికి మాత్రం అవి రెండు.

తాళపత్ర పరిష్కరణలో పాఠాంతరాలను తూచి శుద్ధపాఠాన్ని నిర్ణయిస్తాం. గానానికి ఆ పద్ధతి చాలదు. అన్నమయ్య రాగిరేకుల్లో రాగం పేరు నిలిచింది, ఆయన పాడిన తీరు నిలవలేదు. పల్నాటి వీరకథను అలిశెట్టి గాలెయ్య గానం నుండి సేకరించి జీన్ రోగేర్ 1982లో ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. అది విలువైన గ్రంథమే. కానీ పుట మీద ఉన్నది కథ. గాలెయ్య శ్వాస, విరామం కావు.

నేడు ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఒగ్గుకథను ఫోనులో ముద్రించడం ఏ విద్యార్థికైనా సాధ్యమే. సిద్ధాంత గ్రంథం అనుబంధంలోకి చేరేది మాత్రం దాని లిఖిత రూపం. ముద్రణ ఫోనుతో పాటే పోతుంది. నా దృష్టిలో ముద్రణే ఆకరం, లిఖిత రూపం దానికి వ్యాఖ్య మాత్రమే. అందువల్ల గ్రంథంతో పాటు దానినీ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సమర్పించడం అవసరం. ఊరు, తేదీ, సందర్భం ముద్రణ మొదట్లోనే పలికించాలి. 1976 నాటి కచేరీలో పియానో జోయాన్ బ్రాకీన్‌ది, బాస్ క్లింట్ హ్యూస్టన్‌ది, డ్రమ్స్ బిల్లీ హార్ట్‌వి అని నేటికీ చెప్పగలుగుతున్నాం. మల్లన్న కథ ముద్రణలో ప్రధాన కథకుని పేరుతో పాటు డోలు, తాళం వాయించినవారి పేర్లూ అంతే స్పష్టంగా ఉండాలి.