కథ చెప్పని చోట అభిమాని చేతులు

నచ్చిన నవలనో, సినిమానో, కామిక్స్‌నో చదివి, చూసి ఊరుకోకుండా దాని ఆధారంగా మరొకటి తయారుచేసే అభిమానులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కొందరు ఆ పాత్రలతో కొత్త కథలు రాస్తారు. కొందరు బొమ్మలు గీస్తారు, పాటలు కడతారు. ఇంకొందరు ఆ పాత్ర బట్టలు కుట్టుకుని, కవచం చేసుకుని, విగ్గు పెట్టుకుని అచ్చం ఆ పాత్రలా తయారై నలుగురిలోకి వస్తారు. రాసేవాళ్ల పనిని ఫ్యాన్ ఫిక్షన్ అని, వేషం కట్టేవాళ్ల పనిని కాస్‌ప్లే అని పిలుస్తున్నారు. ఈ లోకంలో ఎవరికి ఎంత అభిమానమో చేసిన పనే చెబుతుంది.

రాతకైనా, కుట్టుకైనా మొదలు ఒక్కటే. మూలకథలో ఎక్కడో ఒక ఖాళీ ఉంటుంది. ఎంత పెద్ద నవలైనా అన్నీ చెప్పదు, చెప్పలేదు. సుజానే కాలిన్స్ 2008లో రాసిన 'ద హంగర్ గేమ్స్' మొత్తం కాట్నిస్ అనే పదహారేళ్ల అమ్మాయి మాటల్లోనే నడుస్తుంది. ఆమె కంటబడనిది పాఠకుడికీ కనబడదు. పక్కనే ఉన్న కుర్రాడు పీటా మనసులో ఏముందో ఆమె ఊహించుకోవాల్సిందే. టీవీలో చూపించే పోటీలో అక్క ప్రాణాలకు తెగించి పోరాడుతుంటే చెల్లెలు ప్రిమ్ టీవీ ముందు ఆ రోజులెలా గడిపిందో పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ ఖాళీలోకే అభిమాని అడుగుపెడతాడు.

టీనేజి పిల్లల కోసం రాసే యంగ్ అడల్ట్ నవలల చుట్టూ ఈ సృజన ఇంతగా పెరగడానికి ఇదో పెద్ద కారణం. అమెరికాలో ఈ సాహిత్యానికి దారి వేసిన నవలల్లో 'ద ఔట్‌సైడర్స్' ముఖ్యమైనది. అది 1967లో వచ్చింది. రాసిన ఎస్. ఇ. హింటన్ అప్పటికి ఇంకా టీనేజిలోనే ఉంది. అదీ ఒక కుర్రాడు 'నేను' అంటూ చెప్పే కథే. స్టెఫనీ మేయర్ రాసిన 'ట్వైలైట్' (2005) కూడా అంతే, బెల్లా చెప్పిందే మనకు తెలుస్తుంది. ఆమె ప్రేమించిన ఎడ్వర్డ్ వైపు కథను మేయర్ స్వయంగా 2020లో 'మిడ్‌నైట్ సన్' పేరుతో పుస్తకంగా తెచ్చేలోపు, అభిమానులు దాన్ని ఎన్ని రకాలుగా రాసుకున్నారో లెక్కలేదు. ఒకే గొంతు చెప్పే కథ చుట్టూ చెప్పని కథలు చాలా మిగిలిపోతాయి. పైగా పాఠకుల వయసు కూడా తానెవరో, ఏమవ్వాలో తేల్చుకునే వయసు. తెలిసిన పాత్రను అడ్డం పెట్టుకుని తన భయాన్నీ, కోరికనూ రాసుకోవడం ఆ వయసుకు సులువు.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. శశిరేఖా అభిమన్యుల పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. జనం నోళ్లలో పెరిగి, నాటకాలకెక్కి, 1957లో 'మాయాబజార్' సినిమాగా స్థిరపడింది. అయితే భారతం అందరి సొత్తు. నేటి నవలకు యజమాని ఉంటాడు. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఆధునిక అభిమానుల చరిత్రను చాలామంది షెర్లాక్ హోమ్స్‌తో మొదలుపెడతారు. 1893 డిసెంబరులో ఆర్థర్ కానన్ డాయిల్ 'స్ట్రాండ్' పత్రికలో హోమ్స్‌ను చంపేశాడు. పాఠకులు ఊరుకోలేదు, కోపంగా ఉత్తరాలు రాశారు. చివరికి 1903లో డాయిల్ అతణ్ని బతికించి తీసుకురావలసి వచ్చింది. అంతకుముందూ, ఆ పదేళ్లలోనూ, ఆ తర్వాతా ఇతరులు హోమ్స్ కథలు రాస్తూనే ఉన్నారు. 'పీటర్ పాన్' సృష్టికర్త జె. ఎం. బారీ అంతటివాడు కూడా సరదాకి ఒకటి రాసి డాయిల్‌కు ఇచ్చాడు.

వేషాల చరిత్రకు 1939 జులై ముఖ్యం. న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగింది. వచ్చింది రెండు వందల మంది లోపే. వాళ్లలో ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే ఇరవై రెండేళ్ల యువకుడు, మోరోజో అనే పేరుతో రాసే మర్టిల్ డగ్లస్ భవిష్యత్తు కాలపు మనుషుల్లా పైవస్త్రాలతో, వింత దుస్తులతో వచ్చారు. ఫొటోల్లో, కబుర్లలో పేరు ఎక్కువగా ఆకర్‌మన్‌కే దక్కింది. ఆ ఇద్దరి బట్టలూ కుట్టింది మాత్రం మోరోజో. మరుసటి ఏడాది షికాగో సభలో ఏకంగా వేషాల పోటీయే పెట్టారు. ఇంట్లో కుట్టుకున్న ఆ రెండు జతల బట్టలే నేటి కాస్‌ప్లేకు తొలి మెట్టు కాబట్టి, ఆమె పేరు ముందు చెప్పుకోవడమే న్యాయం.

1966లో అమెరికా టీవీలో 'స్టార్ ట్రెక్' మొదలయ్యాక కథలు రాసే అభిమానులకు ఒక ఊపు వచ్చింది. మరుసటి ఏడాదే 'స్పాకనేలియా' అనే అభిమానుల పత్రిక వచ్చింది. టైపు చేసి, సైక్లోస్టైల్ తీసి, పోస్టులో పంచుకున్న పత్రికలవి. వాటిని నడిపినవాళ్లలో, రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. జపాన్‌లో 1975 డిసెంబరులో టోక్యోలో 'కామికెట్' అనే సంత మొదలైంది. అభిమానులు సొంతంగా గీసి అచ్చు వేసుకున్న కామిక్స్‌ను అక్కడ అమ్ముకుంటారు. మొదటిసారి 32 బృందాలే పాల్గొన్నాయి. ఇప్పుడది లక్షల మంది వచ్చే సంత. వేషాలు వేసుకుని అక్కడికి వచ్చేవాళ్లను చూసే జపాన్ పత్రికలు 1983 ప్రాంతంలో కాస్‌ప్లే అనే మాటను వాడుకలోకి తెచ్చాయి.

ఇంటర్నెట్ వచ్చాక పోస్టు ఖర్చు పోయింది, పాఠకులు పెరిగారు. 1997లో మొదటి 'హ్యారీ పాటర్' నవల వచ్చిన మరుసటి ఏడాదే ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ మొదలైంది. ఒక పుస్తకానికీ మరో పుస్తకానికీ మధ్య ఏళ్లు పట్టేది. ఆ ఎదురుచూపులోనే లక్షల కథలు పుట్టాయి. అయితే వేరేవాళ్ల సైట్లలో దాచుకున్న కథలకు భద్రత లేదని అభిమానులకు త్వరలోనే అర్థమైంది. యాజమాన్యానికి నచ్చకపోతే రాత్రికి రాత్రి మాయమయ్యేవి. అభిమానుల కథలతో సొమ్ము చేసుకోవాలని కంపెనీలూ బయల్దేరాయి. అప్పుడు 2007లో కొందరు రచయిత్రులు కలిసి లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. నవలా రచయిత్రి నవోమీ నోవిక్ ఆ స్థాపకుల్లో ఒకరు. ఆ సంస్థ 2009లో 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే భాండాగారాన్ని అందరికీ తెరిచింది.

దాని నడక చూస్తే ముచ్చటేస్తుంది. ప్రకటనలు ఉండవు, చందాల మీదే నడుస్తుంది. కోటికి పైగా రచనలున్నాయి. ప్రతి రచనకూ రచయిత తోచిన గుర్తుమాటలు తగిలిస్తారు. ఒకే విషయాన్ని ఒకరు ఒకలా, మరొకరు మరోలా రాస్తారు కదా, ఆ మాటలన్నిటినీ వెనక కూర్చుని కలిపి సర్దేది జీతం లేని కార్యకర్తలు. పాఠకుడు ఏ మాటతో వెతికినా కావలసిన కథ దొరకడం వాళ్ల చలవే. 2019లో ఈ భాండాగారానికి సైన్స్ ఫిక్షన్ లోకంలో పెద్దదైన హ్యూగో అవార్డు వచ్చింది. ఆ అవార్డు ఇచ్చేది మోరోజో బట్టలు కుట్టుకుని వెళ్లిన ఆ మహాసభే.

రాయడం నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఇది మంచి బడి. పాత్రలు, ఊళ్లు, నియమాలు ముందే ఉంటాయి కనుక కొత్త రచయిత సంభాషణ మీద, సన్నివేశం మీద మనసు పెట్టగలుగుతాడు. కథ బయటపెట్టేముందు మరో అభిమాని చదివి తప్పులు దిద్దే అలవాటు ఉంది. అలా దిద్దేవాళ్లను బీటా రీడర్లంటారు. డబ్బులిచ్చినా దొరకని శ్రద్ధతో చదివే మనిషి దొరకడం ఏ కొత్త రచయితకైనా అదృష్టమే. యంగ్ అడల్ట్ రచయిత్రి కాసాండ్రా క్లేర్ మొదట హ్యారీ పాటర్ పాత్రలతో పెద్ద కథ రాసి, 2007లో సొంత నవల 'సిటీ ఆఫ్ బోన్స్' తెచ్చింది. రెయిన్‌బో రోవెల్ అయితే 2013లో ఇలాంటి కథలు రాసే కాలేజీ అమ్మాయినే నాయికగా పెట్టి 'ఫ్యాన్‌గర్ల్' నవల రాసింది.

హక్కుల సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో అరవై ఏళ్లు రచన మీద హక్కు ఉంటుంది. విమర్శకూ, సొంత అవసరానికీ న్యాయమైన వాడకాన్ని చట్టం ఒప్పుకుంటుంది గానీ అభిమానుల కథలకంటూ విడిగా మినహాయింపు లేదు. ఆచరణలో చాలావరకు రచయితల మంచితనం మీదే బండి నడుస్తోంది. అమ్ముకోనంతవరకు అభ్యంతరం లేదన్నది 'హ్యారీ పాటర్' రచయిత్రి జె. కె. రౌలింగ్ వైఖరి. మరో రచయిత్రి ఆన్ రైస్ మాత్రం తన పాత్రలను ముట్టుకోవద్దని ఖండితంగా చెప్పింది. 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' మొదట 'ట్వైలైట్' అభిమాని కథగా పుట్టి, పేర్లు మార్చుకుని 2011లో పుస్తకమై కోట్ల ప్రతులు అమ్ముడైంది. ఉచితంగా చదివి, దిద్ది, ప్రోత్సహించిన తోటి అభిమానుల్లో కొందరికి అది బాధ కలిగించింది. ఆ బాధలో అర్థముంది. ఇచ్చిపుచ్చుకోవడం మీద నిలబడ్డ చోటికి డబ్బు వస్తే లెక్కలు మారిపోతాయి.

కథల్లో లేనిది మాటలతో పూరిస్తే, బొమ్మల్లో లేనిది వేషంలో పూరించాలి. ఇది ఇంకా కష్టం. చిత్రకారుడు వీరుణ్ని ముందు నుంచి గీస్తాడు, వీపు చూపించడు. కవచం ఎక్కడ విప్పుకోవాలో, జిప్పు ఎటు ఉందో, కూర్చుంటే ఎలా వంగుతుందో అతనికి అక్కర్లేదు. వేషం కట్టేవాళ్లకు అవే అసలు ప్రశ్నలు. పుస్తకానికీ సినిమాకూ తేడా వచ్చినప్పుడు ఏది ఎంచుకోవాలో కూడా తేల్చుకోవాలి. హ్యారీ పాటర్ నవలల్లో రేవెన్‌క్లా విద్యార్థుల రంగులు నీలం, కంచు. సినిమాల్లో నీలం, వెండి. గ్రిఫిండార్ విద్యార్థుల మఫ్లర్‌కు మొదటి రెండు సినిమాల్లో వెడల్పు పట్టీలుంటే, మూడో సినిమా నుంచి సన్న గీతలు వచ్చాయి. ఇంట్లో మఫ్లర్ అల్లుకునే అమ్మాయి ఊలు కొనేముందే ఈ సంగతి తేల్చుకుంటుంది.

బట్టల వేషమైతే ముందు పాత దుప్పటితో నమూనా కుట్టి, ఒంటికి సరిచూసుకుని, ఆ తర్వాతే మంచి గుడ్డ మీద కత్తెర పెడతారు. కవచాల పద్ధతి వేరు. చెప్పుల అడుగుభాగాలకు వాడే ఇవిఎ ఫోమే ఎక్కువమందికి ముడిసరుకు. తేలిక, చవక, తగిలినా దెబ్బ కాదు. సన్న నగిషీలకు రెండు మిల్లీమీటర్ల షీటు, ఛాతీ కవచానికి ఐదారు మిల్లీమీటర్లు, కత్తులకు పది సరిపోతాయి.

ఛాతీ కవచం చేసేవాళ్లు పాత టీషర్టు వేసుకుని, దానిమీద వంటింటి పల్చటి ప్లాస్టిక్ రేకు చుట్టుకుని, పైన గట్టి టేపు అంటించుకుంటారు. అద్దం ముందు నిలబడి మార్కర్‌తో కవచం గీతలన్నీ ఆ టేపు మీదే గీస్తారు. పక్కన మరొకరు ఉండి వెనకవైపు జాగ్రత్తగా కత్తిరించి విప్పుతారు. ఆ తొడుగును గీతల వెంబడి కోస్తే ఒంటి వంపులన్నీ చదును ముక్కలుగా విడిపోతాయి. ఒక సగం ముక్కలు చాలు, తిరగేసి గీస్తే రెండో సగం వస్తుంది. ఏ అంచు ఏ అంచుతో కలవాలో గుర్తులు పెట్టకపోతే మాత్రం అతికించేటప్పుడు తల తిరిగిపోతుంది.

ఫోమ్ కోసే బ్లేడు కొత్తగా ఉండాలి. మొద్దుబారితే అంచు చిరుగుతుంది. బ్లేడును వాలుగా పట్టి కోసిన రెండు అంచులను కలిపితే చక్కటి మూల తేలుతుంది. తర్వాత హీట్ గన్‌తో కాపడం పెట్టాలి. పైన గరుకుతనం పోయి సన్నని మెరుపు వచ్చిందంటే రంధ్రాలు మూసుకున్నట్టు. ఆ వేడి మీదే మోకాలికో, గిన్నెకో అదిమిపట్టి చల్లారేదాకా ఉంచితే వంపు నిలిచిపోతుంది. చెప్పులకు వాడే బంకను రెండు అంచులకూ రాసి, వేలికి అంటనంతగా ఆరాక కలపాలి. ఒకసారి అతుక్కుంటే జరపడం కుదరదు. ఆ బంక ఆవిరి మంచిది కాదు. కిటికీలు తెరవాలి, రసాయన ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకోవాలి. గుడ్డ మాస్కు చాలదు.

రంగు నేరుగా వేస్తే ఫోమ్ పీల్చేసుకుంటుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ మూడు నాలుగు పూతలు వేసి, ఆరాక నల్లరంగు వేస్తారు. కుంచెను వెండిరంగులో ముంచి, గుడ్డకు తుడిచేసి, దాదాపు ఆరిన ఆ కుంచెతో అంచుల మీద రుద్దితే మెరక భాగాలు మెరుస్తాయి, పల్లాలు నల్లగా ఉండిపోతాయి. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే యుద్ధాల్లో అరిగిన ఇనుమే. చెప్పుల ఫోమ్‌కు ఆ రూపం రావడం చూసినవాళ్లకు ఈ పని మీద గౌరవం దానంతటదే కలుగుతుంది. చివరగా భుజాలకు ఎలాస్టిక్ పట్టీలు, పక్కలకు వెల్క్రోనో బ్యాగు బకిల్సో వేస్తారు. విగ్గును పాత్ర జుట్టు కంటే పొడుగుది కొని, తలబొమ్మకు తొడిగి కొద్దికొద్దిగా కత్తిరించుకుంటారు.

ఇలా తయారైనవాళ్లు కలిసేది కామిక్ కాన్ వంటి ఉత్సవాల్లో. భారతదేశంలో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై, 2013లో హైదరాబాద్‌కు వచ్చింది. జపాన్ అనిమె పాత్రల పక్కన బాహుబలి, దేవసేన కనబడడం ఇక్కడి ప్రత్యేకత. జపాన్‌లోని నగోయాలో 2003 నుంచి జరిగే ప్రపంచ కాస్‌ప్లే సదస్సులో పోటీదారులు తమ దుస్తులు తామే చేసుకుని ఉండాలి. పెద్ద పోటీల్లో న్యాయనిర్ణేతలు వేషం అందంతో పాటు కుట్లు, అతుకులు, లోపలి లైనింగ్ కూడా పరిశీలిస్తారు.

మర్యాదలూ ఉన్నాయి. పదునైన అసలు ఆయుధాలను లోపలికి రానివ్వరు. అడగకుండా ఫొటో తీయకూడదు, ఒంటి మీద చెయ్యి వేయకూడదు. ఆడవాళ్లు ఎదుర్కొన్న వేధింపుల వల్ల 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ ఈ నియమాన్ని పెద్ద బోర్డుల మీద రాసి పెట్టింది. ప్రతి ఉత్సవానికీ అలాంటి బోర్డు అవసరమే. వేషానికి ఒంటి రంగు, లావు, ఎత్తు, వయసు అడ్డు కావన్నది అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు పదేపదే చెప్పే మాట. పాత్ర రంగు కోసం ముఖానికి నలుపు పులుముకోవడాన్ని మాత్రం వాళ్లు గట్టిగా వద్దంటారు.

ఉత్సవానికి వెళ్లేటప్పుడు సూది, దారం, పిన్నీసులు, బంక సంచిలో ఉంచుకోవడం అందరి అలవాటు. ఫోమ్ కవచాన్ని వేసవిలో మూసిన కారులో వదిలేస్తే వేడికి వంపులు చెదిరి, అతుకులు ఊడిపోతాయి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచి, చెమట ఆరనిచ్చి, నొక్కుకుపోకుండా లోపల కాగితాలు కుక్కి అట్టపెట్టెలో దాచుకుంటే మరో రెండు మూడు ఉత్సవాలకు పనికొస్తుంది.