కాలువగట్టుకు ఏ కారు?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. ఆ కాలమున గోదావరి మండలములలో వాహనమనగా పడవయో, ఎడ్లబండియో. ఎద్దుల జతను కొనదలచినవాడు పండ్లు చూచి, సుడులు చూచి, నాగలికి కట్టి నడిపించి, అప్పుడు గాని బయానా ఇచ్చెడివాడు కాడు. నేడు ఆ సామెతకు "కారు కొని చూడు" అని మూడవ పాదమును చేర్చవలసియున్నది. మధ్యతరగతి సంసారికి ఇంటి తరువాత ఇంతటి వ్యయము మరియొకటి లేదు. అయినను ఎద్దులను ఎంచుటలో మన పెద్దలు చూపిన శ్రద్ధలో నాలుగవ వంతైనను కారు ఎంచుటలో మనము చూపుట లేదు. పొరుగింటివారు ఏది కొనిరో చూచి, రంగు మాత్రము మార్చి తెచ్చుకొనుచున్నాము.

కారు మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు ముందు, అది ఏ దారిని నడువవలెనో చూడవలెను. ధవళేశ్వరము ఆనకట్ట నిర్మాణము 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కాటను దొర త్రవ్వించిన కాలువలు పొలమునకు నీరిచ్చుటకే గాక పడవలు నడుచుటకును ఉద్దేశింపబడినవి. తరువాత ఆ గట్లమీదనే అనేక మార్గములు వెలసినవి. రాజమహేంద్రవరమునుండి కాకినాడకు కాలువ వెంట పోవు మార్గమును జనులు నేటికిని కెనాల్ రోడ్డు అనియే పిలుతురు. ఇట్టి దారులలో ఒక ప్రక్క కాలువ, మరియొక ప్రక్క వరిచేను, కాకున్న చేపలచెరువు. అంచు నల్లరేగడి, నాలుగు చినుకులు పడినచో చక్రము క్రింద దిగిపోవును. ఎదుట గడ్డి ట్రాక్టరు వచ్చును, కొబ్బరికాయల లారీ వచ్చును. తప్పుకొనుటకు మూరెడు చోటు దొరకుటయే గగనము. కారు కాలువలోనికి దూసికొనిపోయినదను వార్త మనకు క్రొత్తది కాదు. కావున మన సీమలో కారు ఎంపిక సొగసునకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. ప్రాణములకు సంబంధించిన విషయము.

రెండు కార్లనడుమ తేల్చుకొనలేక తికమకపడుట మన తరముతో ఆరంభమైనది కాదు. ఒకప్పుడు దేశమంతట అంబాసిడరా, ఫియట్టా అను వాదము సాగెడిది. ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు 1957 మొదలుకొని చేసిన అంబాసిడరు విశాలమైనది, గుంతలకు జంకదు, పెండ్లికి పోవు సంసారమంతయు అందులో ఇమిడెడిది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు చేసిన ఫియట్టు పొందికైనది. దాని ఇంజను 1089 సీసీలది. అంబాసిడరుకు 1489 సీసీలు. తానే నడుపుకొను వైద్యునికి, న్యాయవాదికి ఫియట్టు నచ్చెడిది. డ్రైవరును పెట్టుకొన్న ఆసామికి అంబాసిడరు నచ్చెడిది. డబ్బు కట్టియు సంవత్సరముల తరబడి వేచియుండవలసిన ఆ రోజులలో దొరకినదే మహాప్రసాదము. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 కొనుగోలుదారుని చేతికి వచ్చినది. అటుపిమ్మట కారు సామాన్యుని వాకిట నిలిచినది. తరువాత పద్మినిగా పేరు మారిన ఆ ఫియట్టు కనుమరుగైనది. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. వాదము మాత్రము నిలువలేదు, పేర్లు మారినవి.

నేటి చిన్నకార్లలో మన పట్టణములందు తరచుగా పోల్చిచూడబడునవి రెండు: మారుతి వారి వ్యాగన్ ఆర్, టాటా వారి టియాగో. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలు ఇంజను 1200 సీసీలకు మించకుండుట అను చిన్నకారు నిర్వచనము 2006నాటి కేంద్ర బడ్జెటుతో వచ్చినది. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టి కార్లపై జీఎస్టీ 18 శాతమునకు తగ్గినది. ఈ రెండును ఆ కోవలోనివే.

మొదట కొలతలు చూతము. వ్యాగన్ ఆర్ ఎత్తు 1675 మిల్లీమీటర్లు. టియాగో ఎత్తు 1535. అనగా జానెడులో సగమునకు మించిన భేదము. అంకెగా చూచిన ఇది అల్పము. మోకాళ్ల నొప్పులున్న తల్లిగారిని కోటిపల్లి తీర్థమునకు తీసికొనిపోవునాడు దీని విలువ తెలియును. వ్యాగన్ ఆర్‌లోనికి ఆమె కుర్చీలో కూర్చున్నట్లు కూర్చుండును. టియాగోలోనికి వంగి దిగవలెను. సామాను పెట్టు డిక్కీ మొదటిదానిలో 341 లీటర్లు, రెండవదానిలో 242. ఆత్రేయపురము పూతరేకుల పెట్టెలు, కడియము మొక్కలు, సంక్రాంతికి అల్లుని సామాను, వీనికన్నింటికిని వ్యాగన్ ఆర్‌లో చోటు ఎక్కువ. దాని వెడల్పు 1620 మిల్లీమీటర్లే, టియాగోది 1677. ఇరుకు గట్టుపై ఎదురుబండి వచ్చినపుడు ఆ రెండంగుళములును లెక్కలోనికి వచ్చును.

అయితే గ్యాసు బండి కొనువారికి ఈ లెక్క తారుమారగును. గ్యాసు మన డెల్టాకు ఇంటి సరకు. కృష్ణా గోదావరి బేసిన్‌లో అది మన కాళ్ల క్రిందనే కలదు. 1995 జనవరి 8న పాసర్లపూడి బావి అంటుకొని అరువది దినములకు పైగా మండుటను, 2014 జూన్ 27న నగరము గ్రామమున పైపులైను ప్రేలుడును కోనసీమవాసులు మరువలేరు. ఆ గ్యాసే నేడు సీఎన్‌జీగా కారు సిలిండరులోనికి ఎక్కుచున్నది. వ్యాగన్ ఆర్‌లో ఆ సిలిండరు డిక్కీలోనే పండుకొనును. అంతవరకు పొగడిన చోటులో పెద్దభాగము దానికే సరి. టియాగోలో 2023నుండి ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవానిని డిక్కీ అడుగున అమర్చినారు. పైన పెట్టెలు పెట్టుకొనవచ్చును.

మైలేజీలో వ్యాగన్ ఆర్‌దే పైచేయి. తయారీదారుల లెక్క ప్రకారము కిలో గ్యాసుకు అది సుమారు 34 కిలోమీటర్లు పోవును. గేర్లు చేతితో మార్చు టియాగో 26న్నర పోవును. దినమునకు నలుబది కిలోమీటర్లు, ఏటికి మూడువందల దినములు తిరుగువానికి పండ్రెండువేల కిలోమీటర్లగును. మొదటిదానికి 353 కిలోలు, రెండవదానికి 453 కిలోలు గ్యాసు కావలెను. ఏటికి భేదము నూరు కిలోలు. ఈ అంకెను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

వ్యాగన్ ఆర్ పొదుపులో తేలికదనమునకును పాలు కలదు. తేలికదనమునకు మరియొక ముఖము కలదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డునకు కొట్టించి, లోపలి బొమ్మలకు తగులు దెబ్బలను కొలిచి, నక్షత్రములిచ్చును. 2019లో వ్యాగన్ ఆర్‌కు పెద్దల రక్షణలో రెండు నక్షత్రములు వచ్చినవి. 2020లో టియాగోకు నాలుగు. 2022లో పరీక్ష నియమములు కఠినమైనవి. ఆ క్రొత్త నియమములతో 2023లో మరల పరీక్షింపగా వ్యాగన్ ఆర్‌కు ఒక్క నక్షత్రమే దక్కినది. ఇక్కడ న్యాయముగా రెండు మాటలు చెప్పవలెను. 2019లో పరీక్షింపబడిన వ్యాగన్ ఆర్‌కు ఎయిర్‌బ్యాగు డ్రైవరుకొక్కనికే కలదు. టియాగోకు ముందువారిరువురికిని కలవు. 2025లో మారుతి వారు వ్యాగన్ ఆర్‌కు ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చిరి. అయినను ఎయిర్‌బ్యాగు వేరు, బండి డొక్క గట్టిదనము వేరు. 2023 పరీక్షలో ఆ డొక్క నిలకడగా లేదని సంస్థవారు వ్రాసిరి.

మరమ్మతు సౌకర్యమున మారుతిదే మేలు. చిన్న పట్టణములలోకూడ ఆ బండిని విప్పి బిగింపగల పనివారు కలరు. అంతర్వేది, ఉప్పాడ ప్రాంతములవారు ఏ బండి కొన్నను ఉప్పుగాలికి అడుగుభాగము త్రుప్పు పట్టకుండ పూత వేయించుకొనుట అవసరము. వరదనాడు ఏ చిన్నకారును పడవ కాజాలదు. సగము చక్రము మునుగు నీటిలోనికి దానిని దింపరాదు. ఇంజనులోనికి గాలి పోవు దారిన నీరు పోయెనా, కొత్త ఇంజనుకు వెల కట్టవలసి వచ్చును.

ఇక తీర్పు. పట్టణములోనే తిరుగువారు, వేగము నలుబదికి దాటనివారు, ఇంటిలో వృద్ధులున్నవారు, పెట్రోలు బండి చాలుననువారు వ్యాగన్ ఆర్ కొనుట సబబు. వారి అవసరమునకు దానికి మించిన అనుకూలము దొరకదు. కాని భీమవరమునుండి తణుకుకో, అమలాపురమునుండి రావులపాలెముకో దినదినము పోవుచు, లారీలనడుమ, రాత్రిపూట, భార్యాబిడ్డలతో తిరుగువారు టియాగో వైపు మొగ్గుట మంచిదని మా అభిప్రాయము. ముందు జ్ఞాపకముంచుకొనుమన్న నూరు కిలోల గ్యాసు ఇక్కడ త్రాసులోనికి వచ్చును. ఏటికి ఆ మొత్తము ఎక్కువ పెట్టుట వారికి భారమా, కాదా అనునదే అసలు ప్రశ్న.

ఏది కొన్నను వెనుక కూర్చున్నవారుకూడ బెల్టు పెట్టుకొనవలెను. సీఎన్‌జీ సిలిండరును మూడేండ్లకొకసారి పరీక్ష చేయింపవలెను. బయానా ఇచ్చుటకు పూర్వము బండిని షోరూము ఎదుటి నున్నని రోడ్డుపై నడిపి సంతసింపక, ఇంటివారినందరిని ఎక్కించుకొని, సాయంకాలము దీపములు వేసికొని, మీరు దినమును పోవు కాలువగట్టుమీద ఒకసారి నడిపి చూడుడు. తల్లిగారిని ఎక్కుమనుడు, దిగుమనుడు. ఎదురుగా లారీ వచ్చినపుడు అంచు మీకు కనబడుచున్నదో లేదో చూచుకొనుడు. ఎద్దులను నాగలికి కట్టి చూచిన తాతలు చేసినది ఇదియే.