బీరువాలో భద్రమే, చదవడమే లేదు

ఇంటి పన్ను రసీదుకు మన ఇళ్లలో ఉండే మర్యాద అంతా ఇంతా కాదు. ఇనప బీరువాలో, పట్టుచీరల అడుగున, దస్తావేజుల సంచిలో దాని చోటు. తీసి చదివినవాళ్లు మాత్రం అరుదు. అందుకే దానికి లేని శక్తులు అంటగడతాం, అందులో ఉన్న తప్పులు చూడం.

అపోహ: రసీదు నా పేరు మీద ఉంది కాబట్టి ఇల్లు నాదే.

మున్సిపాలిటీకి కావలసింది పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలన్నదే. హక్కు ఎవరిదో తేల్చేది సివిల్ కోర్టు. రెవెన్యూ రికార్డుల్లో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 1996లోనూ చెప్పింది, 2021లోనూ చెప్పింది. ఇంటి పన్ను పుస్తకమూ ఆ తానులో ముక్కే. డిమాండ్ నోటీసు అన్నయ్య పేరున వస్తోందని తమ్ముడి వాటా పోదు. ఇరవై ఏళ్లు నేనే కట్టానన్నా అన్నకు ఇల్లంతా రాదు. హక్కు కోసం చూడవలసినవి రిజిస్టరైన దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్). ఇంట్లో ఉంటున్నది మీరేనని చూపడానికి రసీదు ఒక ఆధారంగా పనికొస్తుంది, అంతవరకే. అలాగని కొన్న ఇంటిని అమ్మినవాడి పేరు మీదే వదిలేయకండి. నోటీసులు అతని పేరున వస్తుంటాయి, బాకీ పడితే ఇచ్చే రెడ్ నోటీసు మాత్రం మీ గేటుకు అంటిస్తారు.

అపోహ: పై అంతస్తుకూ పన్ను వేశారు, ఇక కూల్చరు.

అన్ని అపోహల్లోకీ ఖరీదైనది ఇదే. కట్టడం కళ్లెదుట ఉంది కాబట్టి కార్పొరేషన్ పన్ను వేస్తుంది. అనుమతి ఉందా లేదా అన్నది వేరే విభాగం, వేరే ఫైలు. పైగా అనుమతి లేని కట్టడానికి మామూలు పన్ను మీద జరిమానా కూడా పడుతుంది. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) ఉల్లంఘన పది శాతం లోపు ఉంటే పన్నులో 25 శాతం, అది దాటితే 50 శాతం. అనుమతి లేని అంతస్తుకు, అసలు ప్లానే లేకుండా లేచిన ఇంటికి నూటికి నూరు. ఈ వసూలును క్రమబద్ధీకరణగా భావించరాదని చట్టమే చెబుతోంది. అంటే ఏటా రెట్టింపు బిల్లు కడుతున్న ఆసామి తన ఇల్లు అక్రమమని ఏటా రసీదుతో సహా ఒప్పుకుంటున్నట్టే. అపార్ట్‌మెంట్‌లో పెంట్‌హౌస్ చూపిస్తూ, ‘టాక్స్ కూడా కడుతున్నాం సార్’ అని బిల్డర్ రసీదు చేతిలో పెడితే, దాన్ని మడిచి ఆయన చేతిలోనే పెట్టి, మంజూరైన ప్లాను, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూపించమనండి.

అపోహ: ఎంత వేయాలనిపిస్తే అంత వేస్తారు.

లెక్క ఉంది. హైదరాబాద్‌లో ఇళ్లకు అద్దె విలువ మీద పన్ను. మీకు చేతికొచ్చే అద్దె కాదు, ప్రాంతాన్నీ కట్టడం రకాన్నీ బట్టి చదరపు అడుగుకు నెలకు ఇంత అని కార్పొరేషన్ కట్టిన విలువ. నెలసరి విలువ 300 రూపాయలు దాటితే శ్లాబు 30 శాతం. ఇంటి వయసును బట్టి కొంత తరుగు ఇస్తారు. చదరపు అడుగుకు రూపాయి పావలా అనుకుందాం. మీ ఫ్లాటును 150 అడుగులు ఎక్కువ రాసుకుంటే, తరుగు తీయకముందు ఏడాదికి 675 రూపాయలు అదనం. పదేళ్లు చూసుకోకపోతే 6,750. టేపు పట్టి కొలుచుకోవడానికి గంట కూడా పట్టదు. తేడా కనిపిస్తే రివిజన్ పిటిషన్ వేయవచ్చు, నోటీసులో రాసిన గడువు దాటకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి పద్ధతి మారింది. అద్దె విలువ పోయి, రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా మూలధన విలువ వచ్చింది. ఇళ్లకు అందులో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం పరిధి పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు సొంతిల్లు కట్టుకుని అందులోనే ఉంటే ఏడాదికి 50 రూపాయలే. పెంపు 15 శాతం మించదన్న మాట మాత్రం చాలామందికి సగమే వినబడింది. ఒక్కసారితో సరిపోతుందనుకున్నారు. కొత్త లెక్క ప్రకారం రావలసిన మొత్తం చేరేదాకా అది ఏటా పడేదే. వెయ్యి రూపాయల పన్ను మరుసటి ఏడు 1,150, ఆపై ఏడు 1,322.

మరో మాట. ఇంటి పన్ను బిల్లులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది, 1960 నాటి చట్టం ప్రకారం రూపాయికి ఎనిమిది పైసలు. మీ ఊరి లైబ్రరీలో కుర్చీ విరిగి ఉంటే అడిగే హక్కు మీకుంది.

అపోహ: ఆగితే వడ్డీ మాఫీ చేస్తారు.

చేస్తున్నారు, అదే చిక్కు. హైదరాబాద్‌లో 2020లోనూ 2022లోనూ వడ్డీలో 90 శాతం మాఫీ అన్నారు. ఏటా ఏప్రిల్‌లోనే కట్టి ఐదు శాతం రాయితీతో సరిపెట్టుకున్నవాడికి ఒళ్లు మండదా? మండుతుంది. అయినా బాకీ పెట్టినవాడు జూదమాడుతున్నట్టే. వడ్డీ నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24. పథకం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిన రోజున అసలంతా, మిగిలిన వడ్డీతో సహా ఒకేసారి కట్టాలి. ఏప్రిల్ రాయితీ ఆ ఏడాది పన్నుకే, పాత బాకీకి వర్తించదు.

అపోహ: ఇంటి పన్నుకూ ఆదాయపు పన్నుకూ సంబంధం లేదు.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు ఉంది. ఫ్లాటు హైదరాబాద్‌లో, మనుషులు డాలస్‌లో ఉన్నా సరే, ఇక్కడి అద్దె మీద ఇక్కడ లెక్క చూపాలి. ఆ అద్దెలోంచి మున్సిపల్ పన్నును ముందు తీసేసుకుని, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు తీసుకోవచ్చు. పన్ను కట్టింది యజమాని అయి ఉండాలి, అద్దెకున్నవాళ్లు కడితే కుదరదు. ఏ ఏడాది బాకీ అన్నది కాదు, ఏ ఏడాది కట్టారన్నదే చూస్తారు. మార్చి 31న కట్టిన రసీదు ఒక ఏడాది లెక్కలోకి వస్తుంది, ఏప్రిల్ 1న కట్టింది మరుసటి ఏడాదికి పోతుంది.