షోకేస్ ఫెస్టివల్

ఇంకా పేరు రాని బ్యాండ్లను సంగీత వ్యాపారంలో ఉన్నవాళ్ల ముందు నిలబెట్టే వేడుక ఇది. పగలు చర్చాగోష్ఠులు, రాత్రి ఊరంతా పాటలు. అమెరికాలోని టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో ఏటా మార్చిలో జరిగే ‘సౌత్ బై సౌత్‌వెస్ట్’ వీటిలో బాగా పేరున్నది. 1987లో తొలిసారి 150 మంది వస్తారనుకుంటే 700 మంది వచ్చారు.

మామూలు కచేరీకీ దీనికీ తేడా శ్రోతల్లోనే ఉంది. చిన్న బార్‌లో కాసేపు వాయించే కుర్రాళ్ల ఎదుట రికార్డు కంపెనీ ప్రతినిధి, కచేరీలు కుదిర్చే ఏజెంటు, పత్రికా విమర్శకుడు నిలబడి ఉండొచ్చు. 2000లో సౌత్ బై సౌత్‌వెస్ట్‌లో పాడాకే గాయకుడు జాన్ మేయర్ కంపెనీల కంటపడ్డాడు.

అయితే ఆ అవకాశానికి ఖర్చు కళాకారుడిదే. దరఖాస్తుకు రుసుము కట్టాలి, దారిఖర్చులు భరించాలి. దక్కేది కొద్దిపాటి పారితోషికం, లేదా ఉత్సవ ప్రవేశం. ఇది న్యాయం కాదని సంగీతకారులు ఎన్నాళ్లుగానో అంటున్నారు, ఆ మాట నిజమే. వాళ్లు గట్టిగా నిలబడితే ఫలితం ఉంటుంది కూడా: డబ్బు విషయంలో కాకపోయినా, సౌత్ బై సౌత్‌వెస్ట్‌కు అమెరికా సైన్యం స్పాన్సర్‌గా ఉందని 2024లో పదుల కొద్దీ బృందాలు తప్పుకొన్నాయి. సైన్యంతోపాటు ఆయుధ సంస్థలనూ 2025లో స్పాన్సర్లుగా తీసుకోబోమని నిర్వాహకులు ప్రకటించారు.