కంప్యూటరు మేల్కొనువేళ కావలి

లినక్సు కెర్నెలు తనది కాని మెమరీని తాకినను, విడిచిన చోట మరల వ్రాసినను పట్టుకొనుటకు ‘కాసాన్’ అను కావలి 2015లో చేరినది. ప్రతి 8 బైట్లకును 1 బైటు ‘నీడ’ యుండును. తాకుటకు ముందు దానిని చూడవలెను. అందు సున్న యున్నచో 8 బైట్లును తాకదగినవే.

చిక్కంతయు ఆరంభమునందే. నీడకు ఇంకను చోటు ఏర్పడలేదు. నీడను చూడుమను ఆజ్ఞలు మాత్రము ప్రోగ్రాములో అప్పటికే కూర్చబడి యున్నవి. లేని నీడను చూడబోయిన కెర్నెలు అక్కడనే కూలును. అందుచే తొలుత సున్నలు నిండిన ఒకే పేజీని నీడప్రదేశమంతటికిని చూపుదురు. ఏమడిగినను తలయూపు గంగిరెద్దు వలె నున్నదని మాకు తోచును! నిజమైన నీడ అమరువరకు జరిగెడి తప్పులు దానికి పట్టుబడవు. ఆ పేజీని చూపుటకు ముందే నడుచు భాగములనైతే ఆ ఆజ్ఞలు లేకుండనే కూర్చవలెను.