డొప్ప తిరిగిన పలకను పొయ్యిలో పెట్టకండి

మన సోలాపూర్ ఇళ్లల్లో తాతలనాటి టేకు పలకలు ఇంకా ఉన్నాయి. అంత వెడల్పువి ఇప్పుడు మనం కొనలేం. వానాకాలం నేలమీద పెడితే అడుగు తేమ పీల్చి ఉబ్బుతుంది, పలక డొప్ప తిరుగుతుంది. మిల్లులో తేమ తగ్గితే పోగు తెగేది గదా, చెక్కకీ తేమతోనే తంటా. వెంటనే చిత్రిక పట్టించొద్దు. కింద పుల్లలు పెట్టి, రెండువైపులా గాలి తగిలేలా కొన్నివారాలు నీడన ఉంచండి. కొంత వంపు దానంతటదే పోతుంది.

ఇంకా పావంగుళం మిగిలితే లెక్క చూడండి. అంగుళం పలకను రెండుపక్కలా చదును చేస్తే పావంగుళం పొట్టే! నిలువునా రెండుగా కోయిస్తే ఒక్కోదానిలో వంపు నాలుగోవంతే ఉంటుంది. విడివిడిగా చదును చేయించి, మళ్లీ జిగురుతో అతికించొచ్చు. నాకైతే ఇదే మేలనిపిస్తుంది. కోయడానికి మనసొప్పకపోతే గుంటవైపు కిందికి పెట్టి, దిగకుండా లోపల చెక్కముక్కలు దోపి, పైనున్న మూపుమీద అడ్డంగా చిత్రిక పట్టించండి. తర్వాత రెండోపక్క కూడా. ఒక్కపక్కే గీకి వదిలేస్తే మళ్లీ తిరగొచ్చు.