కరెంట్ స్తంభం సర్కారుది.. తీగ కంపెనీది! మరి మీ వైఫై ఎవరి చేతిలో?

హైదరాబాద్: సైదాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ కరెంట్ స్తంభం చూసినా నల్ల తీగల చుట్టలే. హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లల ఆన్‌లైన్ టెస్టులు, ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు, మీరు ఫోన్లో చూసే వీడియోలు.. చాలావరకు నడిచేది వీటి మీదే. స్తంభం ప్రభుత్వ డిస్కంది. తీగ ప్రైవేటు కంపెనీది. ఈ ఇద్దరికీ చెడితే ఏమవుతుందో 2025 ఆగస్టులో నగరం చూసింది.

రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో కరెంట్ షాక్‌తో ఐదుగురు చనిపోయారు. దాంతో స్తంభాల మీది కేబుళ్లు తీసేయాలని సర్కారు ఆదేశించింది. సిబ్బంది కత్తిరించుకుంటూ పోయారు. చాలా ఇళ్లలో నెట్ బంద్. ఎయిర్‌టెల్ హైకోర్టుకెళ్లింది. వేలాడే తీగలు ప్రమాదమే, కాదనలేం. కానీ ఆ గొడవలో నెలనెలా బిల్లు కట్టే మనిషి మాట అడిగినవాళ్లే లేరు.

సర్కారు నెట్ రాలేదా?

వచ్చింది, సగం సగంగా. హైదరాబాద్‌లో ఫ్రీ వైఫై కోసం 2017లో ‘హై-ఫై’ ప్రాజెక్టు ప్రారంభమైంది. 2021లో యాక్ట్ ఫైబర్‌నెట్‌తో కలిసి 3,000 హాట్‌స్పాట్లు అన్నారు. రోజుకు 45 నిమిషాలు ఫ్రీ. పేరు ప్రభుత్వానిది, నెట్‌వర్క్ కంపెనీది. ఫ్రీగా ఇచ్చినంత మాత్రాన అది ప్రజల ఆస్తి అయిపోదు.

టీ-ఫైబర్ కథ వేరు. ఇది అచ్చంగా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా వేయడం దీని ఐడియా. తవ్వకం ఖర్చే ఎక్కువ కాబట్టి మంచి ఉపాయమే. బీఆర్ఎస్ హయాంలో మొదలైంది. 2024 డిసెంబర్‌లో కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి శ్రీధర్‌బాబు కొన్ని గ్రామాల్లో పైలట్‌గా ప్రారంభించారు. నెలకు 300 రూపాయలు, 20 ఎంబీపీఎస్. మరి సైదాబాద్‌కు? ఈ పథకం చూపు మొదట పల్లెల మీదే. సిటీలో కంపెనీలకు లాభం ఉంది కాబట్టి పోటీ పడి వస్తాయన్నది లెక్క.

పక్కనున్న ఏపీలో 2017 డిసెంబర్‌లో ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ. అక్కడ తీగ ఎక్కువగా కరెంట్ స్తంభాల మీదుగానే వెళ్లింది, అందుకే త్వరగా పరిచారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారిన ప్రతిసారీ అది రాజకీయ వివాదాల్లో నలిగింది. సర్కారు నెట్‌కు ఉన్న అసలు బలహీనత ఇదే. కుర్చీ మారితే నెట్‌వర్క్ తలరాత కూడా మారుతుంది.

అమెరికాలో ఏం జరిగింది?

చట్టనూగా అనే ఊళ్లో ప్రజల కరెంట్ సంస్థ ఈపీబీయే ఇంటింటికీ ఫైబర్ వేసింది. 2010లోనే గిగాబిట్ స్పీడ్ ఇచ్చింది. అంతకుముందే కేబుల్ దిగ్గజం కామ్‌కాస్ట్ దాన్ని ఆపాలని కోర్టుకెక్కింది, ఓడింది. కానీ కరెంట్ ఇచ్చే పరిధి దాటి ఈపీబీ నెట్ అమ్మకూడదన్న రాష్ట్ర చట్టం మాత్రం నిలిచింది. కేంద్ర కమిషన్ ఆ నిబంధనను పక్కనపెట్టినా 2016లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది.

మన దగ్గర స్తంభాలున్న డిస్కం, ఫైబర్ వేసే టీ-ఫైబర్ రెండూ ఒకే ప్రభుత్వం కిందివే. సైదాబాద్ గల్లీల్లో మాత్రం ఆ రెండూ ఇంకా కలవలేదు.